పెద్దల మతిమరుపు: ముందుగా కనుగొనే దారి ఉందా?



అనంతపురం పీఠభూమిలో కాపురమున్న కుటుంబాలకు కరువును గురించి మేము చెప్పనక్కరలేదు. ఏడాది మొత్తంమీద సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అది అదనులో పడితే వేరుశనగ కాయ చేతికి వస్తుంది, పడకుంటే కట్టె మిగులుతుంది. పంట పోయిన ఏట వయసు పిల్లలు మూట కట్టుకొని బెంగుళూరుకు పనికి పోతారు. ఊళ్లో మిగిలేది అవ్వలు, తాతలు.

అటువంటి ఇంట్లో అవ్వ పొయ్యి మీద ఎసరు పెట్టి మరచిపోయినా, తాత నలభై ఏళ్లు నడిచిన చేని దారి తప్పినా చూచేవారుండరు. పండుగకు వచ్చిన కొడుకు, కోడలు గమనించినా "వయసైపోయింది, చాదస్తం" అని సరిపెట్టుకుంటారు. కొందరు గాలి సోకిందని మంత్రగాని దగ్గరకు తీసుకుపోతారు. ఇంకా కొందరు ఆ సమయం చూచి పొలం కాగితాల మీద వేలిముద్ర వేయించుకుంటారు. ఇవన్నీ మన పల్లెల్లో జరిగే సంగతులే.

దీనిలో చాలా భాగం చాదస్తం కాదు, గాలి కాదు, జబ్బు. మనదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో నూటికి సుమారు ఏడుగురు, అంటే దాదాపు 88 లక్షల మంది, డిమెన్షియా అనే మతి క్షీణతతో ఉన్నారని 2023లో ప్రచురితమైన ఒక పెద్ద జాతీయ అధ్యయనం అంచనా వేసింది. పట్టణాల కంటే పల్లెల్లోనే, మగవారి కంటే ఆడవారిలోనే ఈ లెక్క ఎక్కువని కూడా అది తెలిపింది. కనుక ఇది పట్నవాసుల జబ్బు అని మనము ఊరకుండ వీలులేదు.

ఈ వ్యాసంలో మూడు సంగతులు వివరిస్తాము. మెదడులో జరిగేదేమిటి? దానిని కొద్దిపాటి కరెంటుతో ముందుగా పసిగట్టాలని శాస్త్రజ్ఞులు చేస్తున్న ప్రయత్నం ఎంతవరకు వచ్చింది? ఆ పరీక్ష మన ఊరికి చేరేలోగా ఇంట్లో మనము చేయగలిగినదేమిటి?

సంగటిలో ఉండల వంటివి

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఆలోయిస్ ఆల్జీమర్ అనే వైద్యుని దగ్గరకు 51 ఏళ్ల స్త్రీని తీసుకువచ్చారు. ఆమె తన పేరు తాను వ్రాయబోయి మధ్యలోనే మరచిపోయేది. 1906లో ఆమె చనిపోయిన తరువాత ఆ వైద్యుడు ఆమె మెదడును పలుచని పొరలుగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూచాడు. నరాల కణాల మధ్య గట్టి మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన దారాల వంటివి కనిపించాయి. ఆ జబ్బుకు ఆయన పేరే నిలిచిపోయింది. మతి క్షీణతకు ఎక్కువగా కారణమయ్యేది ఈ ఆల్జీమర్స్ జబ్బే.

ఆ మచ్చలు, ఆ చిక్కులు ఏమిటి? మన శరీరంలో పనులన్నీ చేసేవి మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు. ఒక్కొక్క ప్రోటీను పూసలదండ వంటిది. అమైనో ఆమ్లాలే ఆ పూసలు. ఆ దండ ఎలా మడత పడాలో అలా ఉన్నంతకాలం దాని పని అది చేస్తుంది. మడత చెడితే ఒకదానికొకటి అతుక్కుంటాయి. రాగి సంగటి చేసేటప్పుడు పిండి సరిగా కలియకపోతే ఉండలు కడుతుంది గదా! ఇంచుమించు అలాగే మెదడులో ప్రోటీన్లు ఉండ కడతాయి. ఇల్లాలు తెడ్డుతో సంగటిలోని ఉండలను చిదమగలదు. మెదడులో గట్టిపడిన ఉండలు అంత సులభంగా విడిపోవు.

ఆల్జీమర్స్‌లో బయటి మచ్చలుగా పేరుకునేది అమైలాయిడ్ బీటా అనే చిన్న ప్రోటీను. దానిలో 40 లేక 42 పూసలు మాత్రమే ఉంటాయి. దీనిని 1984లో అమెరికాలో గ్లెన్నర్, వాంగ్ అనే ఇద్దరు వేరుచేసి చూపారు. కణం లోపల చిక్కుపడేది టావ్ అనే మరొక ప్రోటీను. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బులో ఉండ కట్టేది 140 పూసల ఆల్ఫా సైన్యూక్లిన్. ఈ సంగతి 1997లో తేలింది. ఆ జబ్బును లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించింది 1817లో. వణుకును చూచినప్పటి నుండి ఉండలోని ప్రోటీనును గుర్తించేవరకు 180 ఏళ్లు పట్టిందన్నమాట.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. పాలలో కొంచెం తోడు వేస్తే గిన్నెడు పాలు పెరుగైనట్లు, మడత చెడిన ప్రోటీను పక్కనున్న మంచి ప్రోటీనును కూడా తన దారికి తిప్పుకుంటుంది. అలా ఏళ్ల తరబడి మెల్లగా వ్యాపిస్తుంది. అయితే ఎవరూ భయపడనక్కరలేదు. ఆల్జీమర్స్ గాని పార్కిన్సన్స్ గాని అంటురోగం కాదు. రోగి తిన్న పళ్లెంలో తిన్నా, పక్కన పడుకున్నా, ఆమెకు స్నానం చేయించినా మనకు రాదు.

మతిమరుపు బయటపడడానికి 15, 20 ఏళ్ల ముందే ఈ ఉండలు మొదలవుతాయని ఇప్పుడు తెలిసింది. పార్కిన్సన్స్‌లో చేయి వణికే నాటికే ఆ పనికి సంబంధించిన నరాల కణాలు చాలా భాగం నశించి ఉంటాయి. ఇల్లు సగం కాలిన తరువాత పొగ చూచినట్లు మనము ఆలస్యంగా చూస్తున్నాము. అందుకే శాస్త్రజ్ఞులు ముందుగా పసిగట్టే దారిని వెదకుతున్నారు.

బోరు మోటరు ముల్లు చెప్పే పాఠం

బోరు ఉన్న రైతుకు ఈ దారి ఎటువంటిదో సులభంగా అర్థమవుతుంది. మోటరు వందల అడుగుల లోతున ఉంటుంది, అక్కడ నీరు ఉన్నదీ లేనిదీ కంటికి కనిపించదు. అయినా స్టార్టరు పెట్టెలోని ఆంపియర్ల ముల్లును చూచి రైతు చెప్పగలడు. నీళ్లు ఎత్తుతున్నంతసేపు మోటరు కరెంటు బాగా లాగుతుంది. నీరు అయిపోగానే బరువు తగ్గి ముల్లు కిందికి దిగుతుంది. లోపలి సంగతి బయటి ముల్లు చెబుతుంది.

ప్రోటీన్లు ఉండ కట్టే సంగతిని కూడా ఇలాగే కరెంటు ద్వారా తెలుసుకోవచ్చును. ప్రోటీను దండలోని పూసలలో టైరోసిన్ అనేది ఒకటి. ప్రోటీను కలిసిన ద్రవంలో సన్నని కర్బన కడ్డీని ముంచి వోల్టేజిని మెల్లగా పెంచుతూ పోతే, ఒక దశలో ఈ టైరోసిన్ తనలోని ఎలక్ట్రాన్లను కడ్డీకి ఇస్తుంది. అప్పుడు చిన్న కరెంటు పుడుతుంది. అమైలాయిడ్ బీటాలో పదవ పూస టైరోసిన్. ప్రోటీన్లు విడివిడిగా ఉన్నప్పుడు ఆ పూస కడ్డీకి అందుతుంది, ముల్లు పైకి లేస్తుంది. ఉండ కట్టినప్పుడు ఆ పూస లోపల దాగిపోతుంది, ముల్లు దిగుతుంది. 2005లో జపానులో వెస్టర్‌గార్డ్, తామియా అనే శాస్త్రజ్ఞులు తమ బృందంతో కలిసి ఈ విధంగానే అమైలాయిడ్ బీటా ఉండ కట్టడాన్ని కొలిచి చూపారు. ఈ కొలతకు ఏ రంగూ కలపనక్కరలేదు. గంటలు గడిచేకొద్దీ కరెంటు తగ్గుతూ వచ్చింది.

ఈ విద్య వేళ్లు ఇంకా పాతవి. 1922లో ప్రాగ్ నగరంలో యారోస్లావ్ హైరోవ్‌స్కీ బొట్టు బొట్టుగా రాలే పాదరసంలోనికి కరెంటు పంపి, ద్రవంలో ఏముందో కనిపెట్టే పద్ధతిని కనుగొన్నాడు. దానికి ఆయనకు 1959లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన శిష్యుడు బ్రిడిచ్కా 1930లలోనే రక్తంలోని ప్రోటీన్లను ఈ దారిలో పరీక్షించాడు. అదే దేశంలోని బ్రనో నగరంలో ఎమిల్ పాలెచెక్ బృందం 2008లో మరొక ముందడుగు వేసింది. ఆల్ఫా సైన్యూక్లిన్ ఉండ కట్టక ముందే దానిలో వచ్చే మార్పును పాదరసపు కడ్డీ పసిగట్టగలదని వారు చూపారు.

మన దేశంలో కూడా ఈ పని సాగుతున్నది. మొహాలీలోని నానో సైన్స్ అండ్ టెక్నాలజీ సంస్థ శాస్త్రజ్ఞులు 2025లో ఒక కొత్త పద్ధతిని ప్రకటించారు. కంటికి కనిపించని అతి చిన్న బంగారు నలుసులకు వారు అమైనో ఆమ్లాల పూత పూశారు. ప్రోలిన్ పూసిన నలుసులు మామూలు ఆల్ఫా సైన్యూక్లిన్ వైపు, హిస్టిడిన్ పూసినవి ఉండ కట్టిన దాని వైపు మొగ్గాయి. మంచిదేదో చెడినదేదో వేరుచేసి చెప్పడానికి ఇది దారి. వారు వాడిన పరీక్షలలో కరెంటుతో కొలిచేవి కూడా ఉన్నాయి. గాజు గిన్నెల్లో పెంచిన మానవ కణాల వరకు ఈ పని వచ్చింది.

చక్కెర పరీక్షలా సులభం కాదా?

చక్కెర జబ్బు ఉన్నవారికి వేలు పొడిచి, రక్తపు చుక్కను పట్టీ మీద పెట్టి, అరనిమిషంలో అంకె చూపే చిన్న యంత్రం తెలుసు. అదీ ఈ జాతిదే. 1962లో అమెరికాలో లేలాండ్ క్లార్క్ వేసిన పునాది మీద అది లేచింది. పట్టీలోని ఎంజైము చక్కెరతో కలిసినప్పుడు పుట్టే కరెంటునే యంత్రం కొలుస్తుంది. ఒకనాడు పెద్ద ప్రయోగశాలలో మాత్రమే జరిగిన పరీక్ష నేడు పల్లెలోని ఆరోగ్య ఉపకేంద్రంలో జరుగుతున్నది. మెదడు జబ్బుకు కూడా అటువంటి పట్టీ వస్తే ఎంత బాగుండును!

ఇంకా రాకపోవడానికి కారణాలున్నవి. ఒక లీటరు రక్తంలో చక్కెర సుమారు ఒక గ్రాము ఉంటుంది. అమైలాయిడ్ బీటా అందులో కోట్లలో ఒక వంతు మాత్రమే ఉంటుంది. నిండు చెరువులో చిటికెడు ఉప్పు కోసం వెదకినట్లు. పైగా రక్తంలో ఉండే యూరిక్ ఆమ్లం, సి విటమిన్ వంటివి కూడా కడ్డీకి ఎలక్ట్రాన్లను ఇచ్చి ముల్లును కదిలిస్తాయి. రక్తంలోని ఇతర ప్రోటీన్లు కడ్డీకి అంటుకొని దానిని మొద్దుబారుస్తాయి. ఉండలు కూడా ఒక్క తీరువి కావు. చిన్నవి, పెద్దవి, దారాల వంటివి ఉంటాయి. పెద్ద మచ్చల కంటే చిన్న ఉండలే నరాలకు ఎక్కువ హాని చేస్తాయని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ చిన్నవాటిని పట్టడమే కష్టం.

ఇంకొక మాట. మెదడులో అమైలాయిడ్ ఉన్నవారందరికీ మతిమరుపు రాదు. తెలివితేటలన్నీ చక్కగా ఉండి చనిపోయిన వృద్ధుల మెదళ్లలో కూడా ఆ మచ్చలు కనిపించాయి. కనుక ఒక్క అంకెను చూచి ఒక మనిషికి తీర్పు చెప్పడం తగదు.

వేరొక పద్ధతిలో మాత్రం రక్త పరీక్ష వచ్చింది. 2025 మే నెలలో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ ఆల్జీమర్స్‌కు మొదటి రక్త పరీక్షను అనుమతించింది. అది టావ్, అమైలాయిడ్ ప్రోటీన్ల పాళ్లను కరెంటుతో గాక కాంతితో కొలుస్తుంది. 55 ఏళ్లు దాటి, జబ్బు గుర్తులు కనిపించినవారికి, నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే దానిని వాడాలి. లెకానెమాబ్, డోనానెమాబ్ అనే మందులు కూడా 2023, 2024 సంవత్సరాలలో అక్కడ పూర్తి అనుమతి పొందాయి. అవి జబ్బును కుదర్చవు, నడకను కొంత నెమ్మది చేస్తాయి. మెదడులో వాపు, రక్తస్రావం కలిగే ప్రమాదం ఉన్నందున మాటిమాటికి స్కానింగు చేస్తూ ఇవ్వాలి. కనుక "మెదడు జబ్బును పదేళ్ల ముందే చెప్పే యంత్రం మా దగ్గర ఉన్నది, ఇంత రుసుము కట్టండి" అని ఎవరైనా వస్తే నమ్మవద్దు. అమ్మిన మేకకు వచ్చిన డబ్బు అక్కడ పోగొట్టుకోవద్దు.

మన దగ్గరే ఉన్న ఒక మేలు

యంత్రం దూరంగా ఉన్నా, మనకు దగ్గరలోనే దొరికిన ఒక జ్ఞానం ఉన్నది. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది మతి క్షీణత రోగులను పరిశీలించి 2013లో తమ ఫలితాలను ప్రకటించారు. వారిలో 391 మంది రెండు గాని అంతకంటె ఎక్కువ గాని భాషలు మాట్లాడేవారు. ఒకే భాష వచ్చినవారి కంటే వీరిలో జబ్బు గుర్తులు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా కనిపించాయి. చదువు రాని వారిలో కూడా ఈ తేడా కనిపించడం విశేషం. అంటే ఇది బడి చదువు వల్ల మాత్రమే వచ్చిన మేలు కాదన్నమాట.

రాయదుర్గం, మడకశిర, హిందూపురం ప్రాంతాలవారు ఈ మాట విని సంతోషించవచ్చు. సంతలో కన్నడం, ఇంట్లో తెలుగు, పక్కింటివారితో ఉర్దూ మాట్లాడే అవ్వలు మనకు ఎందరో! ఒక మాట వదలి ఇంకొక మాట అందుకొనే ఆ అలవాటే మెదడుకు వ్యాయామమని ఆ పరిశోధకులు తలచారు. అన్ని దేశాల అధ్యయనాలు ఈ విషయంలో ఒక్క మాట మీద లేవు. ఇది జబ్బును ఆపే మందు కాదు కూడా. అయినా పెద్దలతో వారికి వచ్చిన అన్ని భాషలలో మాట్లాడించడానికి ఖర్చేమున్నది?

2024లో ప్రపంచ నిపుణుల బృందం ఒకటి మరొక నిరీక్షణ మాట చెప్పింది. చదువు లేకపోవడం, చెవుడు, చూపు మందగించడం, రక్తపోటు, చక్కెర, పొగ, మద్యం, తలకు దెబ్బలు, ఒంటరితనం మొదలైన 14 కారణాలను సరిచేయగలిగితే ప్రపంచంలోని మతి క్షీణతలో దాదాపు సగాన్ని తప్పించడమో ఆలస్యం చేయడమో సాధ్యమని ఆ బృందం అంచనా. ఈ కారణాలలో చాలావాటికి మందు మన చేతిలోనే ఉన్నది.

ఇంట్లో చేయవలసినవి

1. మామూలు మరపుకు, జబ్బుకు తేడా తెలుసుకోండి. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచి తరువాత గుర్తు తెచ్చుకోవడం అందరికీ ఉన్నదే. తాళంచెవి ఎందుకో తెలియకపోవడం, అడిగిన మాటే పదిసార్లు అడగడం, తెలిసిన దారి తప్పడం, డబ్బు లెక్క తప్పడం, స్వభావం మారిపోవడం జబ్బు గుర్తులు. అడుగులు చిన్నవి కావడం, గొంతు సన్నగిల్లడం, వాసన తెలియకపోవడం పార్కిన్సన్స్‌లో ముందుగా కనిపించవచ్చు.

2. త్వరగా డాక్టరుకు చూపించండి. మతిమరుపు అంతా ఆల్జీమర్స్ కాదు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ తక్కువ కావడం, తీవ్రమైన దిగులు, కొన్ని మందుల ప్రభావం, కింద పడినప్పుడు తలలో గడ్డకట్టిన రక్తం వల్ల కూడా మతి తప్పుతుంది. వీటికి వైద్యం ఉన్నది. మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడినుండి అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. అవసరమైతే బెంగుళూరు నిమ్హాన్స్‌కు గాని హైదరాబాదు నిమ్స్‌కు గాని వెళ్లవచ్చు.

3. పార్కిన్సన్స్‌కు లెవోడోపా అనే మంచి మందు ఉన్నది. మన కంచెల మీద పాకే దూలగొండి గింజలలో అది ఉన్నదని 1937లో మద్రాసు శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపారు. అంతమాత్రాన గింజలు నూరి తాగించవద్దు. మోతాదు తప్పితే కీడు జరుగుతుంది.

4. బెంగుళూరులో ఉన్న పిల్లలు ప్రతిదినం ఒకే వేళకు ఫోను చేయండి. "తిన్నావా" అని మాత్రమే అడిగి పెట్టేయక, ఈ రోజు ఎవరు వచ్చారు, ఏమి వండావు అని అడగండి. తేడా ముందుగా మీ చెవికే తెలుస్తుంది. పక్కింటివారికి, సంఘ పెద్దలకు మీ నంబరు ఇచ్చి ఉంచండి.

5. జబ్బు ఉన్నవారితో వాదించవద్దు. చనిపోయిన భర్త ఇంకా చేని నుండి రాలేదని అవ్వ ఎదురుచూస్తుంటే "ఆయన పోయి పదేళ్లయింది" అని పదేపదే గుచ్చవద్దు. ఆ కబురు ఆమెకు ప్రతిసారీ కొత్తదే, ప్రతిసారీ ఏడుపే. ఆయనను గూర్చి నాలుగు మాటలు చెప్పించండి, మనసు మళ్లుతుంది. జేబులో పేరు, ఊరు, ఫోను నంబరు గల చీటీ ఉంచండి. పొయ్యి, బావి, పురుగుమందు డబ్బాలు ఆమెకు అందకుండా చూడండి.

6. ఆస్తి కాగితాలు, పింఛను విషయాలు మతి నిలకడగా ఉన్నప్పుడే, ఇంటిల్లిపాది ఎదుట, వారి ఇష్టప్రకారం చక్కబెట్టండి. మతి తప్పిన వారిచేత వేలిముద్ర వేయించుకోవడం దొంగతనమే.

7. చూచుకొనేవారిని కూడా చూచుకోవాలి. ఈ భారం చాలా ఇళ్లలో ఒక్క కోడలి మీదనో ఒక్క కూతురి మీదనో పడుతుంది. వారానికి ఒక పూటయినా ఇంకొకరు ఆమె చోట కూర్చుంటే ఆమె ఊపిరి పీల్చుకుంటుంది. మనసు బరువెక్కితే 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అది 2022లో ప్రారంభమైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ.

ఒక కర్బన కడ్డీ, ఒక చుక్క ద్రవం, చిన్న కరెంటు: వీటితో మెదడు జబ్బును ముందుగా పసిగట్టే రోజు వస్తుందని మేము నమ్ముతున్నాము. చక్కెర పట్టీ వచ్చింది, ఇదీ వస్తుంది. అది వచ్చేవరకు మన ఇంటి పెద్దలలో వచ్చే మార్పును ముందుగా పసిగట్టవలసింది వారితో కలిసి కూర్చొని సంగటి తినే మనమే. ఈ వారం మీ ఇంట్లోని అవ్వ దగ్గరనో తాత దగ్గరనో ఒక గంట కూర్చోండి. ఆమె చిన్ననాటి కరువును గూర్చి, ఆయన మొదటి ఎద్దుల జతను గూర్చి అడగండి. చెప్పే మాటలను శ్రద్ధగా వినండి. చెప్పలేకపోతున్న మాటలను ఇంకా శ్రద్ధగా గమనించండి.